రేడియేటర్‌లో పసుపు

పాత కార్ల పిచ్చి ఉన్న మేం నలుగురు మిత్రులం ఆర్మూర్ నుంచి ఎటు బయలుదేరినా సామాన్ల జాబితా రాసేది నేనే. ఆ ఆదివారం ఇందల్వాయి దగ్గర మా తాత కారు రేడియేటర్ కారడం మొదలైంది. ఒక్క భాగం కూడా మార్చకుండా కాపాడుకుంటున్న కారది. నేను నీళ్ల కోసం హోటల్‌కు వెళ్లి వచ్చేసరికి, పసుపు పట్టే గిర్ని నడిపే మిత్రుడు తన సంచిలోని పసుపు పొడి రేడియేటర్‌లో పోసి మూత బిగిస్తున్నాడు.

"ఇంజనీర్ సాబ్, నీ లిస్టుల పసుపెందుకు లేదు?" అన్నాడు. మిగిలిన ఇద్దరూ నవ్వారు.

కారడం ఆగింది. ఇల్లు చేరాం. వారం తర్వాత విప్పిస్తే లోపలి సన్నని గొట్టాలన్నీ పసుపు ముద్దతో పూడుకుపోయి ఉన్నాయి. అలాంటి రేడియేటర్ ఇప్పుడెక్కడా దొరకదు. తీసుకెళ్లి అతనికి చూపించాను.

"ఇంటికైతే తెచ్చింది గదరా," అన్నాడు.

వేరే బండి రేడియేటర్‌ను కోసి అమర్చడానికి నాలుగు నెలలు పట్టింది. మళ్లీ బయలుదేరేటప్పుడు జాబితాలో మనుషులను కూడా రాశాను. అతన్ని రాయలేదు. అయినా వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు, ఒళ్లో పసుపు పొట్లంతో.

"దిగు," అన్నాను.

"జర నవ్వురా."

ఇంజన్ ఆపి, తాళంచెవి తీసుకుని ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. వాళ్లు పిలిచారు. తీయలేదు.