పొత్తుల బావిలో రెండో ఇంజన్

1965లో మెట్‌పల్లి బస్టాండు వెనక నాకొక రేకుల షెడ్డు ఉండేది. ఆయిల్ ఇంజన్లు బిగించడం, చెడిపోతే బాగుచేయడం నా పని. ఆ రోజుల్లో కొత్త ఇంజన్ మోత వినబడితే చాలు, ఊళ్లో సగం మంది బావి దగ్గర చేరేవారు. ఏళ్ల తరబడి ఎడ్ల వెనక నడిచి మోట తోలిన రైతు, పైపులోంచి నీళ్లు భళ్లున దూకగానే దాని కింద తల పెట్టి చిన్నపిల్లాడిలా తడిసిపోయేవాడు. మనుషులకు ఇంత సంతోషం ఇచ్చే పని ఇంకొకటి ఉండదని నేను మురిసిపోయేవాణ్ని. ఇప్పుడు అది తలచుకుంటే మనసు పాడవుతుంది.

ఆ ఏడు వానలు సరిగా పడలేదు. కార్తీకంలో ఒక పొద్దున గంగారాం అనే పసుపు రైతు సైకిల్ మీద వచ్చాడు. నిరుడు అతనికి ఇంజన్ బిగించింది నేనే.

"మేస్త్రీ, గా ఇంజన్ నీళ్లు ఎత్తుతలేదు. జర వచ్చి చూడు," అన్నాడు.

"ఎత్తకపోవుడేంది? నేను బిగించిన ఇంజనది," అన్నాను. నా పనికి వంక పెడితే నాకు ఒళ్లు మండేది.

సామాన్ల సంచీ తగిలించుకుని వెళ్లాను. ఇంజన్ నడిపించి చెవి పెట్టి విన్నాను. ఎక్కడా తేడా లేదు. ఆపి ప్రైమింగ్ చేశాను, అంటే పంపులో గాలి నిలవకుండా ముందుగా నీళ్లు పోసి నింపాను. మళ్లీ నడిపితే పైపులోంచి గురగుర తప్ప ఏమీ రాలేదు. అప్పుడు బావిలోకి తొంగిచూశాను. పైపు కింది కొసన ఫుట్‌వాల్వ్ అని జల్లెడ ఉన్న మూత ఒకటి ఉంటుంది. పైపులోకి ఎక్కిన నీళ్లు మళ్లీ జారిపోకుండా అది పట్టుకుంటుంది. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాల్సిన ఆ మూత గాలిలో వేలాడుతోంది. దాని కింద బురద కనబడుతోంది.

"ఇంజన్‌కు ఏ రోగం లేదు గంగారాం. బాయిలనే నీళ్లు లేవు."

"గట్లెట్ల? మా తాత కాలం నుంచి గీ బాయి ఎండలే," అన్నాడు. నేనేదో దాచిపెడుతున్నట్టు నా మొహంలోకి చూశాడు.

అది పొత్తుల బావి. సగం గంగారాంది, సగం చనిపోయిన అతని అన్న భార్య రాజవ్వది. ఒకరోజు ఇతని వంతు, మర్నాడు ఆమె వంతు. మోటల కాలంలో పొద్దు నడినెత్తికి రాగానే ఎవరి వంతైనా ఎడ్లను విప్పాల్సిందే. ఎడ్లు మేసేవి, మనిషి సద్ది తినేవాడు, ఆలోగా బావిలో ఊట ఊరేది. అదొక కట్టుబాటని ఎవరూ అనుకోలేదు. ఎడ్లు అలసిపోయేవి, అంతే. ఇంజన్‌కు అలుపు లేదు, ఆయిల్ పోసినంతసేపూ తోడుతుంది. అదే దాని గొప్పని ఊరూరా చెప్పి కొనిపించింది కూడా నేనే.

మేం మాట్లాడుతుండగా రాజవ్వ ఎడ్లను తోలుకొని వచ్చింది. ఆ రోజు వంతు ఆమెది. మోట వదిలితే తోలుసంచి అడుగున రాసుకుని ఇంత బురదతో పైకి వచ్చింది. పక్కనే ఆమె పసుపు మడి. గడ్డ ఊరాల్సిన రోజుల్లో ఆకులు అంచుల నుంచి ఎండుతూ ముడుచుకుంటున్నాయి. ఏడాదంతా ఆ పసుపు మీదే ఆమె బతుకు.

"తమ్మీ, ఒక్కటి అడుగుత, నవ్వకు," అంది నాతో. "పొద్దు నెత్తి మీదికి రాంగనే గీ మిషన్ తనంతట తనే ఆగేటట్టు ఏదన్న బిగించరాదా?"

"అసొంటిది ఏం లేదక్కా. చేత్తోనే ఆపాలె."

"గదే కదా నేను రోజు మొత్తుకునేది," అంటూ మరిది వైపు చూసింది.

గంగారాం చెడ్డవాడు కాదు. తల దించుకున్నాడు. "ఆపుత వదినె. కాని నేనాపితే గట్టు అవతలోడు ఆపుతడా? ఆని బాయికి, మన బాయికి ఊట ఒక్కటేనాయె."

గట్టు అవతల ఒక ఇంజన్ డుగుడుగుమంటోంది. దానికి ఆవల ఇంకొకటి. రెండూ నేను బిగించినవే.

గంగారాం మాట నిలబెట్టుకున్నాడు. మధ్యాహ్నాలు ఇంజన్ ఆపాడు. ఏం లాభం, అతను మిగిల్చిన నీళ్లు గట్టు అవతలి బావిలోకి పోయాయి. ఉండబట్టలేక నేనే ఆ అవతలి రైతు దగ్గరికి వెళ్లి, పగటిపూట కాసేపు ఆపమని అడిగాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు.

"అమ్మెటప్పుడు ఇట్ల చెప్పలే గద మేస్త్రీ. నా చెరుకు ఎండితే బెల్లం నువ్వు వండిపెడ్తవా?"

కోపం ముంచుకొచ్చింది, అతని మీదో నా మీదో తెలియలేదు. వెనక్కి వచ్చేశాను.

రాజవ్వ పసుపు సగానికి పైగా ఎండిపోయింది. తర్వాత ఒకరోజు ఆమే నా షెడ్డుకు వచ్చింది.

"ఎడ్లు అమ్మిన తమ్మీ. నాకు గూడ ఒక ఇంజన్ పెట్టు."

"వద్దక్కా. బాయిల నీళ్లు లేకపాయె, ఇంజన్ ఏం తోడుతది? ఎడ్లు మళ్ల దొరుకుతయా?"

"ఎడ్లను పెట్టుకొని ఏం చెయ్యాలె? ఆగేటోళ్లు ఎవ్వరు లేరు. నేనొక్కదాన్ని ఆగితే నా పసుపే ఎండె." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "నువ్వు పెట్టకుంటే జగిత్యాలకు పోత, అక్కడ పెడ్తరు."

మోట దూలాలు పీకేసి, అదే చోట ఇంజన్ పెట్టాను. రాజవ్వ హ్యాండిల్ తిప్పబోయి, చేతకాక, సిగ్గుపడి నవ్వింది. నేను తిప్పాను. నీళ్లు దూకాయి. కాలువ వెంట పారిన నీళ్లు మడి దాకా చేరకముందే పైపు గురగురమంది.

రాజవ్వ బావి అంచున వంగి చాలాసేపు కిందికి చూసింది. "ఇంకో పైపు అతుకు తమ్మీ," అంది. "ఇంకా కిందికి పోవాలె."

ఎడ్లున్న కాలంలో ఊరంతా ఒకే వేళకు ఆగేది, ఎవరూ ఎవరినీ బతిమాలే పని లేకుండా. అలా ఆగడమనేది ఒకటి ఉందని కూడా తెలియకుండానే నేను దాన్ని బావి బావికీ తిరిగి పీకేశాను. ఆ బావి దగ్గర నాకు తెలిసొచ్చింది ఇదే. తెలిసి మాత్రం ఏం చేశాను? ఆమెకు వద్దని చెప్పే మొహం లేక, సంచీలోంచి స్పానర్ తీసి, ఇంకో పైపు అతికాను.