గోడ దాటితే అవుట్

మార్టూరులో గ్రానైట్ పాలిష్ ఫ్యాక్టరీల రాతిబురదంతా మా కాలనీ వెనక గుంటలోకే వదిలేవాళ్లు. ఎండాకాలం వస్తే పైన పొర గట్టిపడి, గచ్చు చేసినట్టు తెల్లగా మెరిసేది. ఊళ్లో బడి మైదానంలోకి మమ్మల్ని రానిచ్చేవాళ్లు కాదు. కాబట్టి అదే మా స్టేడియం. గడ్డి కోసే ఖర్చు కూడా లేదు.

ఐదో తరగతి చదివే మా తమ్ముడు క్యాచ్ కోసం గుంట నడిమధ్యకి పరిగెత్తాడు. కింద ఇంకా పచ్చి బురదే. పొర విరిగి తొడల దాకా దిగిపోయాడు. అడుగున పారేసిన రాతిపలకల మధ్య కాలు ఇరుక్కుని ఎముక విరిగింది. గుంటూరు పెద్దాసుపత్రి దాకా బంతి వదల్లేదు వెధవ. కట్టు వేస్తుంటే ఏడుస్తూనే అడిగాడు: "అన్నా, అవుట్ ఇచ్చారా లేదా?"

అప్పటికి నేను ఏడో తరగతితో చదువుకి దండం పెట్టి, ఆ ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో పని చేస్తున్నాను. గుంట చుట్టూ కంచె వేయించమని మేనేజరు గారిని అడిగాను.

"అక్కడ ఆడమని ఎవడు చెప్పాడ్రా?"

ఇంకెక్కడ ఆడాలో మాత్రం ఆయనా చెప్పలేదు. కట్టు విప్పగానే వీడు మళ్లీ అక్కడికే పోతాడు. ఈలోపే గోడ లేవాలి.

ఆదివారం ప్రార్థన అవగానే కాలనీ కుర్రాళ్లం గడ్డపారలు పట్టుకున్నాం.

"ఆదివారం పనేంట్రా, పాపం!" అంది అమ్మ.

"ప్రభువు సమాధిలోంచి లేచింది ఆదివారమే కదే అమ్మా."

నవ్వాపుకుని కొంగు దోపింది. మట్టి తట్ట తనే ఎత్తింది.

ఫ్యాక్టరీ బయట పారేసిన విరిగిన పలకల్ని నలుగురేసి మోసి, గుంట అంచున నిలబెట్టి పాతాం. ప్రతి ఆదివారం అదే పని. చివరి వైపు మిగిలుండగా మేనేజరు గారొచ్చారు.

"రేపు పనిలోకి రావాలనుందా నీకు?"

"ఉందండీ. అందుకే ఈరోజే ముగించేస్తున్నాం."

ఆయన పలకల వంక చూశారు, మా వంక చూశారు, స్కూటర్ తిప్పుకుని పోయారు. మేం గోడ పూర్తి చేశాకే ఇళ్లకెళ్లాం.

మిగిలిన రాళ్లు ఏరేసి ఇవతలే పిచ్ చేసుకున్నాం. కట్టు విప్పాక తమ్ముడు కుంటుకుంటూ వచ్చి ముందు బ్యాటింగ్ తనదే అన్నాడు. కాదనే ధైర్యం ఎవరికుంది? మొదటి బంతికే గోడ అవతలికి కొట్టాడు. బంతి తెల్లటి పొర మీద దొర్లి నడిమధ్యలో ఆగింది. వాడు గోడ దాకా వెళ్లాడు. పలక మీద చెయ్యేసి కాసేపు చూశాడు.

వెనక్కి తిరిగాడు. "గోడ దాటితే అవుటేరా. ఇంకో బంతి చూడండి."

బ్యాట్ మాత్రం ఇవ్వలేదు.