నాందేవ్ పౌడరు పరీక్ష

కరాడ్‌లో మా టైర్ల కొట్టు పక్కనే నాందేవ్ సుతార్ షెడ్డు. బండి ఎక్కడ నూనె కారుతోందో ఎవరికీ అంతుపట్టనప్పుడు జనం అతని దగ్గరికి వస్తారు. ముందే రారు, ఎందుకంటే అతను తొందరపడడు. ఇంజన్ మొత్తం కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, పసిపిల్లలకు రాసే పౌడరు చల్లి, కృష్ణా నది వంతెన దాకా నడిపి వస్తాడు. పౌడరు ఎక్కడ తడిస్తే లోపం అక్కడ. అలా తెల్లగా ముస్తాబైన బండి మీద వెళుతుంటే పూలకొట్టు వాళ్లు పెళ్లి ఎప్పుడని అడుగుతారు. అతను వచ్చే సోమవారం అంటాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే మాట.

ఒకరోజు ఉదయం పాట్ణే గురూజీ బండి తోసుకుంటూ వచ్చారు. వెనకే ఆయన భార్య కుసుమ్ కాకూ. గురూజీ నాందేవ్‌కు నాలుగో తరగతి చెప్పారు. అప్పట్లో అతను సైకిలు గంట కాజేసి తీయలేదన్నందుకు, ‘అబద్ధం ఆడను’ అని రెండు వందల సార్లు రాయించారు. ఆ రాత అతనికి బాగానే వంటబట్టింది.

నెలరోజులుగా నూనె కారుతోందనీ, మాడు వాసన తన చీరలకు కూడా పట్టిందనీ కాకూ చెప్పింది. ఇద్దరు మెకానిక్కులు గాస్కెట్లు మార్చినా పోలేదట. గురూజీ మాత్రం పాత బండి కదా, వాసన రాక ఏం చేస్తుంది, ఇంటికి పోదాం పదమని గొణుగుతున్నారు. బాగు చేయించవద్దని బతిమాలే బండి యజమానిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

నాందేవ్ కడిగాడు, పౌడరు చల్లాడు, వంతెన దాకా వెళ్లి వచ్చాడు. ఇంజన్ పొడిగా, తెల్లగా ఉంది. సైలెన్సరు చివర మాత్రం ఎర్రటి చుక్క ఒకటి చిటపటమంటోంది. దాని పైన వేలాడే గురూజీ తోలుసంచి అడుగున ఇంకో చుక్క రాలడానికి సిద్ధంగా ఉంది. నాందేవ్ దాన్ని వేలితో తీసి వాసన చూశాడు. తర్వాత నాలుక మీద పెట్టుకున్నాడు. వెంటనే ఎక్కిళ్లు మొదలయ్యాయి.

గురూజీ కళ్లు మూసుకున్నారు. రక్తపోటు వల్ల డాక్టరు ఆయనకు ఉప్పు, కారం, నూనె మూడూ మాన్పించి ఆరు నెలలైంది.

“ఏంటి నాందేవ్, ఇంజన్ పోయిందా?” అంది కాకూ.

నాందేవ్ గురూజీ వైపు చూశాడు. ఆయన తల అడ్డంగా ఊపారు. నాందేవ్ నీళ్లు తాగాడు, మళ్లీ ఎక్కిళ్లు పెట్టాడు.

“ఇంజన్‌లో ఏ తప్పూ లేదు కాకూ.”

“మరి నూనె?”

“పై నుంచి కారుతోంది.”

కాకూ సంచి విప్పింది. మూత సరిగా పట్టని సీసా నిండా వేరుశెనగ నూనెలో తేలుతున్న ఠేచా, పండుమిర్చి దంచి చేసిన కారం పచ్చడి. పక్కన కాగితంలో చుట్టిన రెండు బటాటావడలు, ఆలుగడ్డ ముద్ద పెట్టి వేయించినవి.

“రోజూ గ్రంథాలయం అంటే ఇదేనా?” అంది.

“పుస్తకం కూడా చదువుతాను,” అన్నారు గురూజీ.

ఇప్పుడు ఆయన గొంతు నాలుగో తరగతి పిల్లాడి గొంతులా ఉంది. నాందేవ్ బండి కింద ఏదో పడిపోయినట్టు వంగి చాలాసేపు వెతికాడు. నేనూ టైరు ఒకటి తిప్పి చూశాను.

కాకూ తిట్టలేదు. ఒక వడ విరిచి ఠేచాలో అద్ది నోట్లో పెట్టుకుంది. ఆయనతో పాటు ఆరు నెలలుగా ఆమె కూడా అదే చప్పటి పప్పు తింటోంది. నమిలింది. ఇంకో ముక్క విరిచింది.

“ఎక్కడివి ఇవి?”

“బస్టాండు వెనక,” అన్నారు గురూజీ.

ఆమె మిగిలిన వడను తనే పట్టుకుని, సీసాను నాందేవ్ చేతిలో పెట్టి, బండి వెనక కూర్చుంది. బండి రోడ్డెక్కింది. వాళ్ల ఇల్లు కుడివైపు. వాళ్లు బస్టాండు వైపు తిరిగారు.