టోంగాట్ పార్కులో పందిరి రాట

ఓ పెద్దావిడ ఎండలో సొమ్మసిల్లి పడిపోవడంతో ఈ ప్రయాణం మొదలైంది. అప్పుడు మేం డర్బన్‌లోని ఆషర్‌విల్‌లో అద్దెకుండేవాళ్లం. ఆ దేశంలో అందరికీ ఓటు వచ్చిన కొత్త. మావారు రోడ్లు వేసే కంపెనీలో ఇంజినీరు, నేను హైస్కూల్లో జాగ్రఫీ టీచర్ని. మా ఇంటి ఓనరు మిరియం ఆంటీ వాళ్ల ముత్తాతలు చెరుకు కోతకని మన కోస్తా నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు. ఇంట్లో అంతా ఇంగ్లీషే, ఆదివారం బాప్టిస్టు చర్చిలో మాత్రం తెలుగు కీర్తనలు గడగడా పాడేస్తారు. ఆవిడ అక్క రూతమ్మగారిది టోంగాట్. అక్కడి పార్కు దగ్గరికి వారానికోసారి క్లినిక్ వ్యాన్ వస్తుంది. ఒకప్పుడు ఆ పార్కులోకి ఇండియన్లు తప్ప ఎవరూ రాకూడదట. గేట్లు అందరికీ తెరిచాక చెరుకుతోట అవతలి జూలూ కుటుంబాలూ వ్యాన్ కోసం వస్తున్నాయి. క్యూ పెరిగింది గానీ నీడ పెరగలేదు. అసలే బీపీ మనిషి, రూతమ్మగారు ఆ క్యూలోనే కూలిపోయారు. అప్పటినుంచీ వ్యాన్ దగ్గరికి వెళ్లనని మొండికేసి, మందులు కూడా మానేశారు.

దాంతో పార్కు కమిటీ వాళ్లు అక్కడో పెద్ద పందిరి వేయాలని తీర్మానించారు. ఆంటీ అడిగిందే తడవుగా మావారు ప్లాను గీసిచ్చేశారు. నలుగురూ ఇళ్లల్లో ఉంటారని, అందరికీ ఓటు వచ్చిన రోజుకి గుర్తుగా ఇచ్చే ఫ్రీడమ్ డే సెలవునాడు పని పెట్టుకున్నారు. నాకైతే ముందురోజు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇక్కడికొచ్చాక ఆఫీసూ, స్కూలూ, కూరగాయల కొట్టూ తప్ప వేరే లోకం చూసింది లేదు మరి.

పొద్దున్నే సిటీ బస్సులో మార్కెట్ దగ్గరున్న టాక్సీ స్టాండుకి వెళ్లాం. ఇక్కడ టాక్సీ అంటే మనిషిని మనిషి ఒత్తుకుని కూర్చునే వ్యాను. నిండితేనే కదులుతుంది కాబట్టి ఏడింటికల్లా వెళ్తే మేలు, సెలవు రోజు మరీ ముందు. టోంగాట్‌కి అప్పట్లో మనిషికి నాలుగు రాండ్లు. ఇప్పటి చార్జీ నన్నడక్కండి. వెనక సీటు వాళ్లు డబ్బులిస్తే చేతులు మారుతూ డ్రైవరు దాకా వెళ్తాయి, చిల్లర కూడా అలాగే నడిచొస్తుంది. ఉమ్‌గేనీ నది దాటి, సీ కౌ లేక్ ఇళ్లు ఎడమ పక్కన వదిలేశాక రోడ్డుకి రెండు వైపులా చెరుకే చెరుకు. పని మీదా, చూడ్డానికా అని డ్రైవరు అడిగాడు. పార్కులో పందిరి వేయడానికని చెప్పాను. వాళ్లమ్మ కూడా అలాంటి వ్యాన్ దగ్గరే ఎండలో నిలబడుతుందట, స్టాండు దాకా పోకుండా నేరుగా పార్కు గేటు ముందే దింపాడు. ఊళ్లోని చక్కెర మిల్లు నుంచి బెల్లం వండుతున్నట్టు వాసన. మా అనకాపల్లి పక్క ఊళ్లలో పుట్టినవాళ్లకి ఆ వాసన తగిలితే ప్రాణం లేచొస్తుంది.

మేం వెళ్లేసరికే గోతులు తవ్వేశారు. ఉత్తరం వైపు మూడు పొడుగు స్తంభాలు, దక్షిణం వైపు మూడు పొట్టివి, పైన ఒక పక్కకి వాలిన రేకుల కప్పు, ఇదీ మావారి ప్లాను. అంటే ఉత్తరం ఎత్తుగా, గాలికి బార్లా తెరిచి ఉంటుంది. దక్షిణం వైపు కప్పు బాగా కిందికి దిగి ఎండని ఆపుతుంది. రూతమ్మగారు నీలం గౌను మీద తెల్ల స్వెటర్ వేసుకుని కుర్చీలో కూర్చున్నారు. పక్కనే ఆవిడ ఈడు మనిషి, కమిటీలో జూలూ వాళ్ల తరఫు పెద్ద, మాఖుమాలో. రూతమ్మగారు పడిపోయిన రోజు ఒళ్లో పడుకోబెట్టుకుని నీళ్లు పట్టింది ఈవిడే.

మొదటి స్తంభం ఊరికే పాతనివ్వలేదు రూతమ్మగారు. అది రాట అన్నారు. నేను తెల్లబోయాను. పేర్లు పోయాయి, మాట పోయింది, మతం మారింది, పందిరి రాట మాత్రం పోలేదు! పసుపూ కుంకుమా ఏమీ లేవు. గోతిలో గ్లాసుడు పాలు పోసి, పొడుగు స్తంభం నిలబెట్టాక దాని మీద చెయ్యేసి తెలుగులో పరలోక ప్రార్థన చెప్పారు. చెరుకు కూలీల బరాకుల్లో పెళ్లి పందిళ్లకి వాళ్లమ్మ అలాగే చేసేదట. ఆ తర్వాతే సిమెంటు పోయనిచ్చారు. మిగతా అయిదూ మధ్యాహ్నం చూసుకుందాం లెమ్మని గోతుల్లో వదులుగా నిలబెట్టి భోజనాలకి లేచారు.

భోజనం గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. రూతమ్మగారి పులిహోర మా ఇంట్లోదానికంటే పుల్లన, మిరపకాయ ఘాటు నషాళానికంటింది. మాఖుమాలో తెచ్చింది ఫూతూ, మొక్కజొన్న పిండితో పొడిపొడిగా వండుతారు, గడ్డపెరుగు కలుపుకుని తినాలి. నేను సిగ్గు విడిచి రెండోసారి పెట్టించుకున్నాను. సముద్రం వైపు, అంటే తూర్పుకి తిరిగి గడ్డిలో కూర్చుని తింటుంటే ఎడమ చెంప చుర్రుమంది. కంచంతో సహా కాస్త పక్కకి జరిగాను, మళ్లీ ఎడమ చెంపే. అప్పుడు తట్టింది నాకు. తూర్పుకి తిరిగి కూర్చున్న మనిషికి ఎడమ పక్క ఉత్తరం కదా, మిట్టమధ్యాహ్నం సూర్యుడికి ఉత్తరాన ఏం పని?

పనేమిటేమిటి, భూమధ్యరేఖకి కింద ఆయన ఉండేదే అటు! వారం రోజులుగా ఎనిమిదో క్లాసు పిల్లలకి బోర్డు మీద భూగోళం గీసి మరీ చెబుతున్నదాన్ని నేనే. మావారేమో పుట్టి పెరిగిన కాకినాడ ఎండనే తలలో పెట్టుకుని, దక్షిణానికి అడ్డు కట్టి ఉత్తరాన్ని బార్లా తెరిచారు. ఏవండీ, సూర్యుడెక్కడున్నాడో ఒక్కసారి తలెత్తి చూడండి అన్నాను. చూశారు. కలిపిన ముద్ద కంచంలోనే పడిపోయింది.

పరిష్కారం తేలికే. పొడుగువి దక్షిణానికి, పొట్టివి ఉత్తరానికి మార్చేస్తే కప్పు తిరిగిపోతుంది. వదులుగా ఉన్నవాటితో పేచీ లేదు, పేచీ అంతా రాటతోనే. సిమెంటు గట్టిపడకముందే దాన్ని పీకేద్దామని మావారు తాడు తెమ్మన్నారు. ఆ మాట వినగానే రూతమ్మగారు లేచి వెళ్లి రాటకి వీపు ఆనించి నిలబడ్డారు. పాతిన రాట పీకితే ఆ పందిట్లో మంచి జరగదని వాళ్లమ్మ మాట, కావాలంటే కప్పు ఎలా ఉన్నదాన్ని అలాగే వేసుకోండి అని ఇంగ్లీషులో తెగేసి చెప్పారు. పెద్దావిడని ఎవరు కాదంటారు? పోనీ అలాగే వేసేద్దామన్నారు కమిటీలో ఇద్దరు ముగ్గురు. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఎవరి కోసం ఇంత చేస్తున్నామో ఆవిడే మళ్లీ ఎండలో నిలబడాలి, లేదంటే మందుల్లేకుండా ఇంట్లో కూర్చోవాలి.

ఇంక మాటలు అనవసరమనిపించింది. ఆవిడ కుర్చీ తెచ్చి, రేపు క్యూ ఉండబోయే చోట, సరిగ్గా కప్పు కిందికొచ్చే జాగాలో వేసి, ఒక్క నిమిషం కూర్చోండి అమ్మా అన్నాను. వచ్చి ఉత్తరానికి ముఖం పెట్టి కూర్చున్నారు. ఎండ సూటిగా కళ్లల్లో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మాఖుమాలో వెళ్లి, తన గొడుగు విప్పి, ఆవిడకి ఉత్తరం పక్కన నిలబడింది. నీడ వచ్చి రూతమ్మగారి ఒళ్లో పడింది. ఆవిడ ఆ నీడనీ, రాటనీ మార్చి మార్చి చూశారు. తర్వాత నా వైపు తిరిగి, ప్రార్థన కాకుండా ఆ రోజు మొదటిసారి తెలుగులో మాట్లాడారు.

"పీకొద్దమ్మాయ్. పీకితే తప్పు. కొయ్యి."

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే పార్కంతా ఒకటే నవ్వు. పీక్కూడదు గానీ కోయొచ్చు, శాస్త్రమంటే అదీ! రాట ఉన్నచోటే ఉంది, తల మాత్రం పొట్టి స్తంభాల ఎత్తుకి తెగింది. ఇక పొడుగుది ఒకటి తక్కువైతే, మేకల దొడ్డికని దాచుకున్న నీలగిరి దుంగని మాఖుమాలో ఇంటినుంచి మోయించుకొచ్చింది. సాయంత్రానికి ఆరూ నిలబడ్డాయి. రాట నుంచి కోసిన ముక్కని రూతమ్మగారు పారేయనివ్వలేదు, దాని మొదట్లోనే పీటలా నిలబెట్టించారు. నా చేతులు బొబ్బలెక్కాయి గానీ అంత హుషారుగా ఎప్పుడూ ఇల్లు చేరలేదు.

రేకులు వేశాక వచ్చిన మొదటి క్లినిక్ రోజున స్కూలుకి సెలవు పెట్టి మరీ వెళ్లాను. పందిరి కింద తలలే తలలు, ఒక్కరి మీద కూడా ఎండ లేదు. రూతమ్మగారు ఆ కోసిన ముక్క మీద కూర్చుని, రాటకి ఆనుకుని, మాఖుమాలోతో కబుర్లలో ఉన్నారు. నర్సు పేరు పిలిచింది. ఆవిడ లేవలేదు. మళ్లీ పిలిస్తే, వెనక చంటిబిడ్డతో ఉన్నామెని ముందు పొమ్మని చేత్తో చూపించి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. "కూకో అమ్మాయ్. ఈడ బాగుంది. నాకేం తొందర లేదు." ఎండకి జడిసి మందులు మానేసిన మనిషి నోట ఆ మాట విన్నాక నా కళ్లలో నీళ్లాగలేదు. మన మనిషన్నది మాట వల్లే తెలుస్తుందనుకునేదాన్ని. ఆ గొడుగు పట్టిన చేతికి మాటతో పనే పడలేదు.

ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒక్క సలహా. పందిరి కానివ్వండి, టెంటు కానివ్వండి, కుర్చీ వేసుకునే చోటే కానివ్వండి, ఇంటి దగ్గరి లెక్కలు పట్టుకుపోకండి. మిట్టమధ్యాహ్నం అక్కడ ఓ కర్ర పాతి, దాని నీడ ఎటు పడుతుందో చూసుకోండి. మా ఊరి నుంచి తెచ్చుకున్నవన్నీ పనికొచ్చాయి, ఒక్క సూర్యుడు తప్ప.