సరిహద్దు దాటిన చేపల పులుసు

నెల్లూరులో మూడు రోజుల విత్తన పరీక్షల సదస్సు. రెండో రోజు మా విభాగానికి పనేమీ లేదు. హోటల్ గదిలో టీవీ చూసే బదులు ఇంతవరకు చేయని పని ఒకటి చేద్దామనిపించింది: రాష్ట్ర సరిహద్దును నడిచి దాటడం. తడ దగ్గర అది కుదురుతుంది, పులికాట్ సరస్సు కూడా పక్కనే. ఉదయం ఆరింటికి పాసింజర్ ఎక్కాను, టికెట్టు యాభై లోపే. ఎనిమిదిన్నరకు తడలో దిగాను.

స్టేషన్ బయట ప్రభుదాస్ అనే ఆటోడ్రైవర్ దొరికాడు. సరస్సు, అక్కడి నుంచి చెక్‌పోస్టు, మళ్లీ స్టేషన్ అన్నీ కలిపి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. భీములవారిపాలెం రేవులో గంటసేపు పడవ. పడవ ఎక్కిన నలుగురం పంచుకుంటే తలా నూటయాభై పడింది. ఫ్లెమింగోలు చాలా దూరంలో ఉన్నాయి. నా ఫోటోల్లో అవి చుక్కలే, అందుకే పెట్టడం లేదు.

పదకొండింటికి చెక్‌పోస్టు దగ్గర ప్రభుదాస్ ఆటో ఆపేశాడు. బండికి ఆంధ్రా పర్మిట్టే ఉందట. నేను దిగుతుంటే సీటు కింది నుంచి మూత ఉన్న స్టీలు గిన్నె తీశాడు. అతని భార్య నిన్న వండిన చేపల పులుసు. అవతల, తమిళనాడు వైపు ఆరంబాకం బస్టాండు పక్కన అతని చెల్లెలు సుగుణ టిఫిన్ బండి నడుపుతోంది, ఆమెకు ఇచ్చి రమ్మన్నాడు. ఆమె తనకు నచ్చినవాణ్ణి చేసుకుంటే ఇతను పెళ్లికి వెళ్లలేదు. రెండేళ్లుగా మాటల్లేవు.

"పర్మిట్టు కావాల్సింది బండికి కదా, నీకెందుకు?" అన్నాను.

అతను గిన్నె నా చేతిలో పెట్టాడు. "నన్ను చూస్తే లోపలికి పోతాదక్కా. గిన్నె ఖాళీగా తిరిగొచ్చిందంటే ఇంక నాకు చెల్లెలు లేనట్టే."

మా ఇళ్లలోనూ అంతే. కూర పంపిన గిన్నెను ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. కొంగల్ని చూడటానికి వచ్చినదాని నెత్తిన రాయబారం పడింది.

సరిహద్దు దాటడానికి రెండు నిమిషాలు పట్టింది. బోర్డుల మీద అక్షరాలు మారాయి, ఎండ మారలేదు. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. సుగుణ దోసె పోస్తోంది. అన్న పేరు చెప్పగానే అట్లకాడ పక్కన పెట్టి, గిన్నె తీసుకుని బండి వెనక్కి వెళ్లిపోయింది. దోసె మాడుతుంటే నేనే తిప్పాను. పావుగంటకు గిన్నె కడిగి, మూతపెట్టి తెచ్చిచ్చింది. అది చాలా తేలిగ్గా ఉండటంతో నాకు గుబులేసింది.

"పులుసులో పులుపు చాల్లేదని చెప్పక్కా," అంది. ఇంకో మాట లేదు.

చెక్‌పోస్టుకు తిరిగొచ్చి ఆ మాటే ప్రభుదాస్‌కు చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. మూత తీశాడు. అడుగున నిమ్మకాయంత కొత్త చింతపండు, గింజలు తీసి ఉండచేసినది. మళ్లీ మూత పెట్టాడు. నా రైలెన్నింటికని అడిగాడు. ఒంటిగంటన్నరకని చెప్పాను. పదినిమిషాలు కూర్చోమని, గిన్నె నా ఒళ్లో పెట్టి, ఆటో అక్కడే వదిలి సరిహద్దు వైపు నడిచాడు.

పదినిమిషాలు గంటన్నరయ్యాయి. రైలు వెళ్లిపోయింది. సదస్సులో ఏం విన్నానో ఇప్పుడు సరిగా గుర్తులేదు గానీ, పరాయి ఆటోలో ఒళ్లో గిన్నెతో కూర్చుని ఎందుకో చాలా సంతోషపడ్డాను.

వెళ్లేవారికి ఒక్క మాట: తడ ఆటో చెక్‌పోస్టు దాకానే వస్తుంది, నడిచి దాటడం తేలికే. తిరుగు రైలుకు మాత్రం ఒక పూట వ్యవధి ఉంచుకోండి. మీ డ్రైవర్‌కు అవతల ఎవరున్నారో మీకు తెలియదు.