టైం కీపర్ గారి బోణీ

మన బజారు వర్తకులకూ, కొనడానికి వచ్చేవాళ్ళకూ, ఏమీ కొనకుండా నీడకోసం నిలబడేవాళ్ళకూ గౌరవపూర్వకంగా ప్రకటించేది ఏమిటంటే: మొన్న బుధవారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా ఈ బజారులో ఒక్క మేకు, ఒక్క గుండీ, ఒక్క చీపురుపుల్ల కూడా అమ్ముడుపోలేదు. కొనేవాళ్ళు లేక కాదు. నా స్ప్రేయర్ల రిపేరు కొట్టు ముందు ఇద్దరు రైతులు నిలబడి వాషరు అడిగితే పదకొండు దాటాక రమ్మన్నాను. ఎరువుల కొట్టాయన గుమ్మం ఎక్కిన బేరాన్ని దణ్ణం పెట్టి వెనక్కి పంపాడు. ఆయన వంశంలో ఇలాంటిది జరగడం ఇదే మొదలు. ఆ రోజు బోణీ ఎవరి చేత చేయించాలో ఎవరికీ పాలుపోలేదు. ఎందుకంటే మంగళవారం సాయంత్రం గుంటూరు ఆసుపత్రిలో మా టైం కీపర్ గారు పోయారు.

సంతాప సభలో చదవడానికి నాలుగు ముక్కలు రాయమని నాకు అప్పజెప్పారు. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి నాకు అందరికంటే చదువెక్కువని వాళ్ళ అభిప్రాయం. సరే, రాస్తున్నాను. ఇందులో కొన్ని సంగతులు కొందరికి నచ్చవు.

బజారు వెనక ఇప్పుడు ఇళ్ళ స్థలాలుగా రాళ్ళు పాతిన చోట ఒకప్పుడు పత్తి మిల్లు ఉండేది. ఆ మిల్లులో షిఫ్టు కూత వేసేది ఆయనే. గేటు దగ్గర కూర్చుని ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో రాసుకునేవాడు. మిల్లు మూతపడ్డాక కూత ఆగిపోయింది గానీ ఆయన ఆగలేదు. ఏడున్నరకల్లా ఇస్త్రీ చొక్కా వేసుకుని బజారుకొచ్చి ఏదో ఒక కొట్టు బల్ల మీద కూర్చునేవాడు. టైమెంతని అడిగేవాడు. మనం చెప్పాక తన వాచీ చూసుకుని, "నీది రెండు నిమిషాలు వెనకుంది" అనేవాడు. పొద్దున్నే ఇంకా బేరం తగలనివాడికి ఆ మాట ఎంత కమ్మగా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒకరోజు ఎరువుల కొట్టాయన అనేశాడు. "మిల్లు మూయించిన మొహం పొద్దున్నే ఎదురుగా కూర్చుంటే బేరం ఎట్టా తగులుద్ది? లే పెద్దాయనా, లే."

ఆయన లేచాడు. తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. ఎటు వెళ్ళాలో తెలియక రోడ్డు మధ్యలో కాసేపు నిలబడ్డాడు. ఎదురు కొట్టులోంచి నేను చూస్తూనే ఉన్నాను.

తర్వాత నేను చేసింది దయతో చేశానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఎరువుల కొట్టాయన్ని ఏడిపించాలని చేశాను, అంతే. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన వినేలా టీ కొట్టు అక్కతో అన్నాను: "అక్కా, పొద్దున టైం కీపర్ గారు నా దగ్గర ఒక మేకు కొన్నాడు. మధ్యాహ్నానికి మూడు స్ప్రేయర్లు పోయినయ్యి. అది మామూలు చెయ్యి కాదు."

నిజానికి ఆ రోజు ఆయన మేకు కొనలేదు, నేను స్ప్రేయరు అమ్మలేదు. భోజనం చేసి పడుకున్నాను.

మర్నాడు పొద్దున ఎరువుల కొట్టాయన రోడ్డుకి అడ్డంపడి, "బాబాయ్, ఒక్కసారి రా బాబాయ్, ఏదో ఒకటి కొను" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. నిన్న లే అన్న నోరే. టైం కీపర్ గారు చాలాసేపు ఆలోచించి ఒక పురికొస ఉండ కొన్నాడు. ఆ రోజు ఎరువుల కొట్టు ముందు ఆటోలు వరసకట్టాయి. ముందురోజు సాయంత్రం వాన పడింది లెండి. వాన పడిన మర్నాడు ఎరువుల కొట్టుకి కోతి బోణీ చేసినా జనం వస్తారు. కానీ వానకి ఎవడు దణ్ణం పెడతాడు, చెయ్యికి పెడతాడు గానీ.

ఇది వింటున్న ఎరువుల కొట్టాయనకి నా మనవి: కర్ర పక్కన పెట్టి మిగతాది కూడా వినండి.

వారం తిరక్కుండా బజారంతా ఆ చెయ్యి కోసం కొట్టుకుంది. ఆయన ఒక పొడుగు పుస్తకం కొని, మిల్లులో చేసినట్టే స్కేలు పెట్టి గళ్ళు గీసి, ఏ కొట్టుకి ఏ రోజో వంతులు వేశాడు. నాది బుధవారం, ఎనిమిది. ఎనిమిదీ రెండుకి షట్టరు తీస్తే, "లేటు" అని రాసుకునేవాడు. నా కొట్టుకి నన్నే లేటు రాసేవాడు.

కొన్నవన్నీ చొక్కా జేబులో వేసుకునేవాడు. వాషరు, పిన్నీసు, సూది, దారం, గుండీ. టీ కొట్టు అక్క దగ్గర నీళ్ళ డ్రమ్ము కుళాయి కారుతుంటే జేబులోంచి నా వాషరే తీసి బిగించాడు. ఎంతివ్వాలంటే, "బోణీ చేసింది అమ్మకూడదమ్మా" అన్నాడు. ఆదివారం చర్చికి వెళ్ళే దారిలో చెప్పు తెగినవాళ్ళు కూడా ఆయన్నే వెతుక్కునేవాళ్ళు. ఒక కొట్టులో కొన్నది ఇంకో కొట్టులో ఎవరి అవసరానికో చేరిపోయేది. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసుకోని కొట్లవాళ్ళు కూడా ఆయన జేబు పుణ్యమా అని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఒకసారి ఎండలో చెమటలు కక్కుతూ వస్తే అడిగాను. "ఒక పూట ఆలస్యమైతే ఏమవుద్ది బాబాయ్?"

"ఏరా, మనిషికి ఆలస్యం అవడానికైనా ఒక చోటుండాలి. మిల్లు మూశాక రెండేళ్ళు నేను దేనికీ ఆలస్యం కాలేదు. అదెంత కష్టమో నీకేం తెలుసు?"

నాకు తెలుసని అప్పుడు చెప్పలేదు. నాకూ ఇంట్లో ఎవరూ లేరు. సాయంత్రం షట్టరు దించితే మళ్ళీ పొద్దున షట్టరు ఎత్తేదాకా నేను నోరు తెరిచేది అన్నం తినడానికే. పగలంతా ఎకసెక్కాలాడేది అందుకేనేమో.

నిరుడు నాకు జ్వరం వచ్చి కొట్టు తియ్యలేదు. బజారంతా, "ఏదో వేషం వేస్తున్నాళ్ళే" అనుకుంది. వాళ్ళ తప్పు కాదు. అంతకుముందు ఒకసారి జబ్బని నేనే పుకారు పుట్టించి, పరామర్శకి వచ్చినవాళ్ళ చేత టీలు తెప్పించుకుని తాగాను. ఎనిమిదింబావుకి తలుపు చప్పుడైంది. చూస్తే ఆయన, చేతిలో రస్కుల పొట్లం.

"అందరూ అబద్ధమంటుంటే నువ్వెందుకొచ్చావు బాబాయ్?"

"కూత ఎవడైనా వేస్తాడురా. కూతేశాక ఎవరు రాలేదో చూడ్డం, అదీ ఉద్యోగం. లేచి నీళ్ళు తాగు."

పోయిన ఏడాది నుంచి మిర్చి ధర పడిపోయింది. కోత కూలి కూడా రాదని కొందరు కాయ చెట్టునే వదిలేశారు. రైతు చేతిలో ఏమీ ఆడకపోతే మా కొట్లలో ఏమి ఆడుతుంది? మధ్యాహ్నాలు ఒకరి ఫోనులో పాట ఒకరం వింటూ కూర్చునేవాళ్ళం. అలాంటి ఒక మధ్యాహ్నం ఎరువుల కొట్టాయన నవ్వుతూనే అన్నాడు. "బాబాయ్ చెయ్యి అరిగిపోయినట్టుందిరా." అందరం నవ్వాం. నేను కొంచెం ఎక్కువే నవ్వాను. టైం కీపర్ గారు నవ్వలేదు.

మర్నాడు నా వంతు కాకపోయినా నా కొట్టుకొచ్చాడు.

"ఏరా, నువ్వు అందరితో ఆడతావు గానీ నాతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. నిజం చెప్పు. నా చెయ్యి చెడిందా?"

"అదేం మాట బాబాయ్?"

"మిల్లుకి ఆఖరి కూత వేసింది ఈ చెయ్యేరా. ఇప్పుడు బజారు పడిపోతావుంది. ఇన్ని కుటుంబాలు. నేను రావడం మానేస్తే బాగుపడుద్దేమో చూద్దామా?"

నిజం చెప్పాల్సింది అప్పుడే. నీ చేతిలో అదృష్టమూ లేదు, దరిద్రమూ లేదు, అంతా నా నోట్లోంచి ఊడిపడ్డ కథ అనాల్సింది. అంటే బరువు దిగేది. కానీ బరువుతో పాటు ఆ పొడుగు పుస్తకం, ఎనిమిది గంటలు, జేబులో పిన్నీసులు, అన్నీ పోతాయి. మళ్ళీ రోడ్డు మధ్యలో నిలబడతాడు. ఏది చెయ్యాలో తోచక నాకు అలవాటైన పని చేశాను. "చేతులకి నిమ్మకాయ రాసుకో బాబాయ్, దిష్టి పోద్ది" అన్నాను.

మర్నాడు ఆయన పక్కన కూర్చుంటే నిమ్మకాయ వాసన వచ్చింది.

వారం రోజులు రాసుకున్నాడు. బేరాలు పెరగలేదు. తర్వాత రావడం మానేశాడు. ఇవాళో రేపో వస్తాడులే అని బోణీలు ఎవరికి తోచినట్టు వాళ్ళు కానిచ్చుకున్నాం. నాలుగో రోజు ఇంటికి వెళ్తే పక్కింటివాళ్ళు చెప్పారు, ఊపిరి ఆడక గుంటూరు తీసుకెళ్ళారని.

నేను వెళ్ళాను. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మేకు దగ్గర్నుంచి నిమ్మకాయ దాకా అంతా చెప్పేశాను. ఆయన గోడ గడియారం చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, "అయితే నా చేతి తప్పేం లేదన్నమాట" అన్నాడు. నవ్వాడు. ఆయాసం వచ్చేదాకా నవ్వితే నర్సమ్మ వచ్చి నన్ను కోప్పడింది. "వంతులు మాత్రం తప్పించొద్దురా, అబద్ధమైనా టైముకి జరగాలి" అన్నాడు. అరచెయ్యి ఒకసారి తిప్పి చూసుకుని, కళ్ళు మూసుకుని హాయిగా నిద్రపోయాడు.

సభలో ఇక్కడితో ఆపితే బాగుంటుంది. కొందరు కళ్ళు తుడుచుకుంటారు, నన్ను మంచివాడంటారు. కానీ ఆయన నన్ను లేటు రాసినప్పుడు ఒక్క నిమిషం కూడా తగ్గించి రాయలేదు. కాబట్టి చెబుతున్నాను: ఆసుపత్రిలో జరిగిందంతా నేను కల్పించింది. స్టూలు లేదు, గడియారం లేదు, ఆయన నవ్వూ లేదు. నేను గుంటూరులో బస్సు దిగి, అరటిపళ్ళు కొని, ఆసుపత్రి గేటు దాకా వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో తేలక చాలాసేపు అక్కడే నిలబడ్డాను. వచ్చేవారం చెబుదాంలే అనుకుని వచ్చిన బస్సే మళ్ళీ ఎక్కాను. ఆ వచ్చేవారం రాలేదు.

ఆ రోజు తిరుగు బస్సు చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో మిర్చి ఎండబోసి ఉంది. ధర ఉన్నా లేకపోయినా ఎండబెట్టాలి కదా. గాలి ఇటు తిరిగింది. బస్సంతా ఒక్కసారి దగ్గడం మొదలుపెట్టింది. డ్రైవరు, కండక్టరు, అందరూ ముక్కులకి గుడ్డలు అడ్డం పెట్టుకున్నారు. అందరి కళ్ళల్లోనూ నీళ్ళే. పక్క సీట్లో ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసి, "ఘాటు ఎక్కువగా ఉంది కదన్నా" అంది.

ఒళ్ళో అరటిపళ్ళు పట్టుకుని, అవునమ్మా అన్నాను.