గొర్రెపిల్లకు చెప్పుకున్న మాట

ముందే చెబుతున్నాను, నాకు కోతలు కోసే అలవాటుంది. నాలుగు చినుకులు రాలితే మా పావగడ కొండ మునిగిపోయిందంటాను. కాబట్టి దీన్ని సగానికి తగ్గించి చదువుకోండి.

మైసూరు సంస్థానం నాటి మాట. మా మిడిల్ స్కూల్లో మగపిల్లలం నాలుగు వేలమందిమి, ఆడపిల్లలు వేళ్లమీద లెక్క. మగపిల్లల మధ్య దాపరికమే లేదు. ఎవడికి ఎక్కడ గజ్జి లేచిందో గంట కొట్టేలోపు బడంతా తెలిసేది.

నా గొంతులో మాత్రం ఒక మాట ఇరుక్కుంది. నాకు బోర్డు మీది అక్షరాలు కనబడటం లేదు. స్నేహితులకు చెబితే సాయంత్రానికల్లా బజారులో మా నాయన అంగడికి చేరుతుంది. "సూపు లేనోడికి సదువేందిరా? వచ్చి బెల్లం తూకమెయ్యి" అని బడి మాన్పిస్తాడు.

మా తరగతిలో గొర్రెల కాపర్ల పిల్ల ఒకతె, తల్లి చచ్చిన గొర్రెపిల్లను వెంట తెచ్చి బడి బయట కట్టేసేది. అది ఏనుగంత ఉండేది. ఆడా మగా ఎదురుగా నిలబడి మాట్లాడితే ఊరు ఊరుకోదు. గొర్రెతో మాట్లాడితే ఎవరూ ఏమీ అనరు. అలిగిన అత్తాకోడళ్లు కూడా మా వైపు గొడ్డుతో చెబుతున్నట్టే ఒకరితో ఒకరు మాట్లాడుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆమె దానికి ఆకు మేపుతుంటే వెళ్లి దాని చెవి పట్టుకున్నాను.

"నాకు బోర్డు కనపడ్డంలేదే. ఎవురికీ చెప్పొద్దు."

ఆమె నావైపు చూడలేదు. గొర్రెతోనే అంది: "యాన్నుంచి వచ్చినాడే ఈ పిచ్చోడు! ఇన్నాళ్లూ నోరు యాడ పెట్టుకున్యాడంట? సరేలే అని చెప్పు. నాకూ ఒగ దిగులు ఉండాది. మా మామకిచ్చి చేస్తారంట, ఈ ఏటితో నా బడి సరి."

మరునాటి నుంచి బోర్డు మీద లెక్క పడగానే ఆమె పైకి చదువుతూ రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ గొంతు అనంతపురం దాకా వినబడేది.

"ఏందమ్మా, రాస్తాండావా, సంతలో వంకాయలు అమ్ముతాండావా?" అన్నారు అయ్యవారు.

"నోరాడితేనే నాకు చెయ్యాడతాది, అయ్యవారూ."

"వాగుడుకాయప్పా ఇది!" అని మగపిల్లలు పడీపడీ నవ్వారు. ఆమె ఏడాదంతా ఆపలేదు. విని రాసుకుని నేను పరీక్ష గట్టెక్కాను, బడి మానే పని తప్పింది.

ఇక కల్పించిందేదో చెప్పాలి. ఆమె దిగులు. ఆ మధ్యాహ్నం ఆమె "సరేలే" దగ్గరే ఆగిపోయింది. మరుసటేడు బడి తెరిస్తే రాలేదు. మామకిచ్చి చేశారని ఎవరో అంటే విన్నాను. ఆ దిగులు ఆమె నాకు ముందే చెప్పుకుని ఉంటే బాగుండుననిపించి, ఇక్కడ నేనే చెప్పించాను.